స్వామివారి పొంగలి తూకం

దేవుడున్నాడా లేడా అన్న అనుమానం మా ఆలయపాలన శాఖలో ఎవరికీ ఎప్పుడూ రాలేదు. ఆయన పేరు చెప్పుకొని జీతాలు తీసుకుంటున్నవాళ్ళం, తిన్నింటి వాసాలు మేమెందుకు లెక్కపెడతాం? గుళ్ళో ఆయన పని ఆయన చేసుకునేవాడు. ఆఫీసులో మా పని మేము రేపటికి వాయిదా వేసుకునేవాళ్ళం. ఎవరికీ ఎవరితోనూ పేచీ లేదు.

అనుమానం పైనుంచి వచ్చింది. సర్కారు బియ్యాన్ని లేని మనుషుల పేర్లు చెప్పి ఎవరెవరో తినేస్తున్నారని రాజధానిలో ఒక పెద్ద అధికారికి కడుపు మండింది. ఇకమీదట బియ్యం పుచ్చుకునే ప్రతి లబ్ధిదారుడూ తాను ఉన్నానని, తింటున్నానని రుజువు చూపాలని ఉత్తర్వు వేశాడు. మంచి ఉత్తర్వే. అక్కడితో ఆగవలసింది. ఆగడం తెలిస్తే ఆయన అధికారి ఎందుకవుతాడు? చివర "ఇందుకు ఎవ్వరికీ మినహాయింపు లేదు" అని ఒక ముక్క తగిలించాడు. మా గుళ్ళలో నైవేద్యానికి వండే బియ్యం కూడా సర్కారుదే. అందులో లబ్ధిదారుడెవరయ్యా అంటే, సాక్షాత్తు స్వామి.

నేను కొత్తపేరూరు వేణుగోపాలస్వామి గుడికి ఈవోని. గుడి చిన్నది. అర్చకులు వేంగళాచార్యులు గారు. వంటశాల ఆయన భార్య ఆండాళమ్మ గారిది. ఆవిడ చేసే చక్రపొంగలి కోసం బస్టాండులోంచి కండక్టర్లు పరుగున వచ్చి, దొప్ప పట్టుకొని, అవతల డ్రైవరు హారను కొడుతుంటే నోరు కాల్చుకుంటూ పరుగున పోతారు. బస్సులో జనం కూడా ఏమీ అనరు. వాళ్ళకూ దాని రుచి తెలుసు.

మా డిప్యూటీ కమిషనర్ ఆకొండి పరబ్రహ్మం గారు నన్ను పిలిపించారు.

"చూడవయ్యా ఈవో, స్వామివారి పట్ల వ్యక్తిగతంగా నాకు అపారమైన గౌరవం ఉంది. అయితే గౌరవం వేరు, అర్హత వేరు. సదరు లబ్ధిదారుడు ఆహారం స్వీకరిస్తున్నదీ లేనిదీ ఇంతవరకు ఏ అధికారీ ధ్రువీకరించిన దాఖలా లేదు."

"స్వామి అతీతుడు కదండీ" అన్నాను.

"దేనికి?"

"అన్నిటికీ అంటారండీ."

"అన్నిటికీ అతీతుడైనా ఉత్తర్వుకు అతీతుడు కాడు. మినహాయింపు లేదని స్పష్టంగా రాశారు" అని ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు.

ఆ సాయంత్రానికి దైవాస్తిత్వ నిర్ధారణ సంఘం పుట్టింది. అధ్యక్షులు పరబ్రహ్మం గారు. శాస్త్రీయ సభ్యుడు మా ఊరి కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే యర్రంశెట్టి భాస్కరమూర్తి గారు. ఆయన ఊళ్ళో ఏ సభ జరిగినా లేచి "రుజువు చూపించండి, అక్కడికక్కడే సాష్టాంగపడతాను" అని సవాలు చేసే మనిషి. పాపం, ఇన్నేళ్ళుగా ఎవరూ చూపించలేదు, ఆయన పంచె నలగలేదు. మూడో సభ్యురాలు తూనికల ఇన్‌స్పెక్టరు మజ్జి దమయంతి గారు. కాటా ఆవిడది. కాగితాలు మోసేవాణ్ణి నేను.

సంఘమంతా గుళ్ళోకి వెళ్ళి విషయం చెప్పేసరికి వేంగళాచార్యులు గారు పంచపాత్ర పట్టుకొని అలాగే నిలబడిపోయారు. ఆయనకు కోపం రాదు. వచ్చినా అది తెలియడానికి మనకు కొంచెం టైము పడుతుంది.

"నైవేద్యానికి ముందోసారి, తర్వాతోసారి తూస్తారా? తూయండి నాయనా, పొంగలికేం నొప్పి?" అన్నారు.

"తూకమొక్కటే కాదు. ఆ తెర తీసెయ్యాలి. మేము చూస్తుండగా తినాలి" అన్నారు భాస్కరమూర్తి గారు.

"ఆరగింపు వేళ తెర తీయడమా? అన్నం తింటుంటే కళ్ళప్పగించి చూస్తారుటండీ ఎవరైనా? దిష్టి తగలదూ?"

"దేవుడికి దిష్టేమిటండీ?"

"ఆయనకు కాదు, పొంగలికి. తర్వాత తినేది మీరే కదా" అన్నారు ఆచార్యులు గారు.

తెర దగ్గర ప్రతిష్టంభన ఏర్పడింది. చివరికి దమయంతి గారు దారి చూపించారు. కాటా తెర లోపల, అంకెలు కనపడే పెట్టె పొడవాటి వైరుతో తెర బయట. స్వామి మర్యాద స్వామికి, సర్కారు మర్యాద సర్కారుకి.

మర్నాడు ఊరు ఊరంతా గుళ్ళోనే ఉంది. ఓట్ల లెక్కింపుకి కూడా అంత జనం రారు. లోపల ఆచార్యులు గారు పొంగలి గిన్నె కాటామీద పెట్టి తెర వేశారు. గంట మోగింది. బయట ఎర్ర అంకెలు ఒక్క క్షణం నిలబడి, మెల్లగా తగ్గడం మొదలుపెట్టాయి.

"గోవిందా!" అని గుడి దద్దరిల్లింది. ఎవరో భాస్కరమూర్తి గారి భుజం తట్టి, "పడండి మాస్టారూ, సాష్టాంగం!" అన్నారు.

"ఆగండాగండి! అది ఆవిరి! వేడి పదార్థం ఆవిరి వదిలితే బరువు తగ్గుతుంది! మూత పెట్టండి!" అని ఆయన కేక వేశారు.

వంటశాల గుమ్మంలోంచి ఆండాళమ్మ గారు తల బయట పెట్టారు. "విస్తట్లో వడ్డించి మూత పెడతారా బాబూ? మీ ఇంట్లో మీకలాగే పెడుతున్నారా?"

జనం నవ్వారు. ఆ నవ్వుకి మాస్టారికి పౌరుషం వచ్చింది. మర్నాటినుంచి పొంగలి పూర్తిగా చల్లారాకే నైవేద్యం పెట్టాలని సంఘం తీర్మానించింది. స్వామి జన్మలో మొదటిసారి చల్లారిన పొంగలి ఆరగించాడు. ఈసారి అంకెలు పెరిగాయి.

"ఏటిది? నా కాటాకి సీలుంది మేస్టారూ! అబద్ధం సెప్పదు!" అని దమయంతి గారు బెంబేలెత్తిపోయారు.

కాటా తప్పేం లేదు. ఆచార్యులు గారు అలవాటు చొప్పున ఆరగింపు వేళ పైన ఇంత నెయ్యి వేసి, తులసిదళం ఉంచారు. ఆ సంగతి తేలేలోపే ఊళ్ళో స్వామి తినడం మాని పెడుతున్నాడని పుకారు పుట్టి, పక్క ఊళ్ళనుంచి ఖాళీ గిన్నెలతో జనం బయల్దేరారు. పరబ్రహ్మం గారు నన్ను పక్కకు లాగారు. లబ్ధిదారుడు కాస్తా ఉత్పత్తిదారుడైతే ఆయన్ని పరిశ్రమల శాఖకు బదలాయించాలేమో అని నన్ను లోగొంతుతో అడిగారు.

ఆ మధ్యాహ్నం గుడి మండపంలో కూర్చుని నేను భాస్కరమూర్తి గారిని అడిగాను. "మాస్టారూ, బరువు తగ్గితే ఏమంటారు?"

"ఏదో సహజ కారణం ఉంటుంది. వెతికితే దొరుకుతుంది."

"వెతికినా దొరక్కపోతే?"

"ఇంకా వెతకాలి. అదే సైన్సు."

"అంటే ఏం జరిగినా దేవుడు లేనట్టేనా?"

నేను పక్కనే ఉన్న ఆచార్యులు గారి వైపు తిరిగాను. "మీరు చెప్పండి. బరువు తగ్గితే?"

"స్వామి ఆరగించాడు."

"తగ్గకపోతే?"

"చూపుతో ఆరగించి, మిగతాది మన కోసం వదిలాడు. అదే ఆయన దయ."

"అంటే ఏం జరిగినా దేవుడు ఉన్నట్టే."

ఆచార్యులు గారు హాయిగా నవ్వారు. ఇద్దరి వాదనా కాటాలో పెడితే ముల్లు కదిలేలా లేదు. నాకు మాత్రం మొదటిసారి మా కాటా మీద జాలేసింది.

భాస్కరమూర్తి గారు ఊరుకునే రకం కాదు. ఏ పరీక్షకైనా పోలిక కావాలన్నారు. ఇలాంటిదే మరో పొంగలి గిన్నె, దేవుడు నిశ్చయంగా లేని చోట పెట్టాలి. రెండు గిన్నెల తూకాలూ పోల్చి చూస్తే నిజం బయటపడుతుంది.

"నిశ్చయంగా లేని చోటు ఎక్కడుంది నాయనా?" అన్నారు ఆచార్యులు గారు అమాయకంగా.

సంఘం తలలు పట్టుకుంది. శ్మశానమన్నారు, అక్కడ శివుడుంటాడన్నారు. పోలీసు స్టేషన్ అన్నారు, అక్కడ లోపలికి పోయినవాళ్ళంతా ఆయన్నే తలుచుకుంటారన్నారు. ఉన్నట్టుండి అందరికీ ఒకేసారి వెలిగింది. ఒకరి మొహం ఒకరు చూసుకుని ముక్తకంఠంతో, "మన ఆఫీసు!" అన్నారు. పరబ్రహ్మం గారు కూడా అన్నారు. ఏకగ్రీవంగా నెగ్గిన మొదటి తీర్మానం అదే.

మర్నాడు ఆండాళమ్మ గారు రెండు గిన్నెలు వండారు. ఒకటి స్వామి ముందుకు వెళ్ళింది. రెండోది డిప్యూటీ కమిషనర్ కార్యాలయంలో బీరువా పక్కన బల్లమీదకు వెళ్ళింది. శాస్త్రీయంగా ఉండాలని దానికీ ఒక తెర కట్టారు. గుళ్ళో గిన్నె పెట్టింది పెట్టినట్టే ఉంది, తగ్గలేదు, పెరగలేదు. సంఘం ఆఫీసుకు తిరిగి వచ్చి తెర తీసింది.

గిన్నె ఖాళీ. ఊరికే ఖాళీ కాదు, తోమినంత శుభ్రంగా ఉంది. జీడిపప్పు ముక్క కూడా లేదు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటారని సామెత. మా సూపరింటెండెంటు భుజాలు కాదు, మీసం తడుముకున్నాడు. టైపిస్టు చెయ్యి కొంగుకు తుడుచుకుంది. సంఘ సభ్యులు గుడికి బయల్దేరేముందు ఒక్కొక్కరూ గదిలోకి వెళ్ళి ఏర్పాట్లు 'స్వయంగా పరిశీలించి' వచ్చిన సంగతి నాకు తెలుసు. ఎందుకు తెలుసని మాత్రం అడక్కండి, నేనూ పరిశీలించాను.

"నివేదికలో ఏం రాయమంటారు సార్?" అన్నాను.

పరబ్రహ్మం గారు రెండు వైపులా లెక్క వేసుకున్నారు. సిబ్బంది తిన్నారని రాస్తే అది దేవుడి సొత్తు అపహరించడం. ఉద్యోగాలకు ఎసరు. సిబ్బంది తినలేదని రాస్తే మరి తిన్నదెవరు?

"సదరు ఆహార పదార్థం సహజ కారణమేదీ లేకుండా అంతర్ధానమైనట్లు గమనించడమైనది అని రాయి. సహజ కారణం లేనిచో అది అతీత కారణమని భావించవలసియున్నది."

"అంటే దేవుడున్నట్టాండీ?"

"ఉన్నట్టే. అయితే గుళ్ళో కాదు. ఇక్కడ."

భాస్కరమూర్తి గారు ఏమంటారోనని ఆయన వైపు చూశాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కలం తీసుకొని సంతకం పెట్టేశారు. ఆయన మూతికి నెయ్యి మెరుస్తోంది.

రుజువయ్యాక చర్య తప్పదు. స్వామి ఆఫీసులో ఆరగిస్తున్నాడు గనుక నైవేద్యం ఇకనుంచి రోజూ ఆఫీసులోనే వండించి పెట్టాలని, గుళ్ళో లబ్ధిదారుడు లేడు గనుక అక్కడి వంటశాలకు తాళం వెయ్యాలని ఉత్తర్వు వచ్చింది. తాళం నా చేతులతోనే వేశాను.

"మా ఇంటి బియ్యంతో వండి పెట్టుకుంటాం బాబూ, మీ సర్కారుది వద్దు" అన్నారు ఆండాళమ్మ గారు.

"కుదరదమ్మా. స్వామి ఇక్కడ లేడని తేలింది. లేనివాడి పేరుమీద వండడమే కదా ఉత్తర్వు ఆపమన్నది."

అప్పుడు తెలిసింది నాకు అసలు సంగతి. స్వామికి ఆరగింపు కాకుండా ఆచార్యులు గారు ముద్ద ముట్టరు. వాళ్ళ నాన్నగారు ముట్టలేదు, తాతగారూ ముట్టలేదు. అందరికీ ఏకాదశి పక్షానికోసారి వస్తుంది, మా ఉత్తర్వు పుణ్యమా అని ఈయనకు రోజూ ఏకాదశే అయింది. తులసితీర్థం తాగి, గంట కొట్టి, గోడకు చేరగిలి కూర్చునేవారు.

"మిమ్మల్నెవరూ తినొద్దనలేదు కదండీ స్వామీ. ఉత్తర్వు మీ మీద కాదు" అన్నాను బతిమాలుతూ.

"నిజమే నాయనా. ఇంట్లో పెద్దాయన పస్తుంటే నాకు ముద్ద దిగదు, అంతే" అన్నారు. గొంతు పీలగా ఉంది. "ఆయనకు ఆకలేస్తుందా అని అడక్కండి. నాకూ తెలియదు."

ఈ పెద్దమనిషి మా సంతకాల కింద పడి నలిగిపోతున్నాడు. ఆఫీసులో మేము రోజూ స్వామి పేరు చెప్పి పొంగలి లాగిస్తున్నాం. ఆ రోజు మాత్రం నాకది సహించలేదు.

అయినా నేను ఉత్తర్వును మీరే మనిషిని కాదు. ఉత్తర్వును మొత్తంగా అమలు చేసే మనిషిని. మా శాఖకు ఒక నిబంధనల పుస్తకం ఉంది. స్వామి కొలువున్న ప్రదేశంలో ఏమేం పాటించాలో అందులో వివరంగా ఉంది. ఆఫీసు గుమ్మానికి మామిడాకులు కట్టించాను. "ఇచ్చట స్వామివారు ప్రత్యక్షముగా కొలువై యున్నట్లు శాఖాపరముగా నిర్ధారణ అయినది" అని బోర్డు పెట్టించాను. చెప్పులు బయట విడవాలన్నాను. స్వామి కన్నా ఎత్తులో ఎవరూ కూర్చోరాదు గనుక కుర్చీలు తీయించి చాపలు వేయించాను. స్వామి ఉన్నచోట హుండీ ఉండాలి గనుక పెద్ద ఇత్తడి హుండీ తెచ్చి సూపరింటెండెంటు బల్ల పక్కనే పెట్టించాను. నాకు వేరే దురుద్దేశమేమీ లేదు.

జనం విరగబడ్డారు. గుళ్ళో స్వామి ఉన్నాడని ఇన్నాళ్ళూ ఊరికే అనుకున్నారు, ఇక్కడ సంతకాలతో ఉన్నాడు. ఆఫీసు చుట్టూ ప్రదక్షిణలు. పరబ్రహ్మం గారు చాపమీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటే ఒక ముసలమ్మ ఆయన కాళ్ళకు కూడా పసుపు రాసింది.

అసలు చిక్కు అక్కడ కాదు. గోడమీది క్యాలెండరులో దేవుడు మా ఆఫీసులో ఎన్నో ఏళ్ళుగా ఉన్నాడు. ఆయన ఎప్పుడూ ఎవరికీ అడ్డు రాలేదు, ఆయన బొమ్మ కిందే కవర్లు చేతులు మారేవి. రుజువైన దేవుడితో అలా కుదరలేదు. గుడి మరమ్మతుల కాంట్రాక్టరు ఒకాయన సూపరింటెండెంటుకు ఇవ్వాలని కవరు తెచ్చాడు. బోర్డు చదివాడు. చెప్పులు విడిచాడు. చెంపలు వేసుకుని కవరు తీసుకెళ్ళి హుండీలో పడేసి, తీర్థం తీసుకుని వెళ్ళిపోయాడు. సూపరింటెండెంటు చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది.

మర్నాడు గుమాస్తా ఒకడు సెలవు చీటీలో "మా నాయనమ్మ పోయింది" అని రాయబోయి, తెర వైపు చూసి, కొట్టేసి, "సినిమాకు" అని రాశాడు. "ఫైలు పైకి వెళ్ళింది, రేపు రండి" అనే మాట పరబ్రహ్మం గారి గొంతులోనే ఆగిపోయింది. ఫైలు ఆయన కిందే ఉంది, చాపమీద కూర్చోలేక దాన్ని దిండుగా వేసుకున్నారు. ఆ ఫైలు బయటికి తీసి, దులిపి, సంతకం పెట్టి ఇచ్చేశారు. మా ఆఫీసులో పనులు జరుగుతున్నాయన్న వార్త జిల్లా అంతా పాకింది. ఇక ఆ ఉద్యోగాలు చెయ్యడం మానవమాత్రుల వల్ల కాలేదు.

వారం తిరక్కుండా పరబ్రహ్మం గారు అత్యవసర సమావేశం పెట్టారు.

"ఈ దేవుణ్ణి ఇక్కణ్ణించి ఎలా పంపిస్తామయ్యా?"

"రుజువైపోయాడండీ" అన్నాను. "రుజువు తప్పని తేలితే తప్ప..."

సూపరింటెండెంటు చాపమీంచి లేచి చేతులు కట్టుకున్నాడు. "నేనొక్క గరిటే సార్" అన్నాడు. టైపిస్టు తను జీడిపప్పులు మాత్రమే ఏరుకున్నానంది. దమయంతి గారు, "కాటాకి రుచి తెలీదు గదేటి, అందుకని నేనే సూసినాను" అన్నారు. నేనూ ఒప్పుకున్నాను.

పరబ్రహ్మం గారు భాస్కరమూర్తి గారి వైపు తిరిగారు. "మాస్టారూ, మీరు కూడానా?"

"ప్రసాదంగా తినలేదు. నమూనాగా తిన్నాను" అన్నారాయన తల వంచుకొని. ఇంకా గొంతు తగ్గించి, "రెండుసార్లు" అన్నారు.

పరబ్రహ్మం గారు గబగబా కాగితం అందుకున్నారు. అడుగున గీకింది ఆయనేనని అందరికీ తెలుసు.

అందరూ తప్పు ఒప్పుకుంటూ సంతకాలు పెట్టారు. ఒక్కడిదైతే అపహరణ, అందరిదైతే పరిశోధనలో ఖర్చు అని పరబ్రహ్మం గారే సర్దేశారు. ఆఫీసులో స్వామి లేడని తేలింది. ఆ క్షణమే కుర్చీలు లోపలికి వచ్చాయి. మరి గుళ్ళో ఉన్నాడా అన్న ప్రశ్న మిగిలింది. విచారణ పూర్తికాని లబ్ధిదారుడికి అన్నం ఆపరాదని అదే ఉత్తర్వులో ఎక్కడో ఉంది. దాన్ని నేను చదివి వినిపించాను.

"అయితే విచారణలోనే ఉంచు" అన్నారు పరబ్రహ్మం గారు, కుర్చీలో వెనక్కి వాలుతూ. "ఉన్నాడని తేలనివ్వకు, లేడనీ తేలనివ్వకు. నువ్వు రిటైరయ్యాక వచ్చేవాడికి కూడా ఇదే మాట చెప్పి వెళ్ళు."

తాళంచెవి పట్టుకొని గుడికి పరిగెత్తాను. ఆండాళమ్మ గారు నామీద ఒక్క మాట కూడా తూలకుండా పొయ్యి వెలిగించారు. నేనే సిగ్గుపడి కట్టెలు అందించాను. ఆచార్యులు గారు గోడ పట్టుకుని లేచి, గిన్నె రెండు చేతులా ఎత్తుకొని లోపలికి వెళ్ళి తెర వేశారు. ఈసారి కాటా లేదు, అంకెల్లేవు. పొంగలి పొగలు కక్కుతూ వెళ్ళింది. లోపల ఏం జరిగిందో మాకెవరికీ తెలియదు.

తెర తొలగింది. స్వామి ప్రసాదం ముందు ఆచార్యులు గారే ఒక ముద్ద తీసుకున్నారు. తర్వాత ఆయన గిన్నె పట్టుకొని బయటికి వచ్చారు. కండక్టర్లు చుట్టుముట్టారు, అవతల హారన్లు మోగుతున్నాయి. వరస చివర, స్తంభం చాటున భాస్కరమూర్తి గారు నిలబడి ఉన్నారు. ఆచార్యులు గారు ఆయన దగ్గరికి వచ్చి గరిటె ఎత్తారు.

మాస్టారు చెయ్యి చాపబోయి వెనక్కి తీసుకున్నారు. "ముందే చెప్తున్నానండీ, నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. సాష్టాంగం గీష్టాంగం ఏమీ ఉండదు" అన్నారు బింకంగా.

"రుజువేమైనా అడిగానా నాయనా?" అన్నారు ఆచార్యులు గారు. "చెయ్యి పట్టు, చల్లారిపోతుంది."

భాస్కరమూర్తి గారు రెండు చేతులూ చాపారు.